క్రీములావిడ చెయ్యి

కోళ్ల దుకాణంలో కత్తులు రెండు. చిన్నది యజమానిది, పేరుకే ఉంటుంది. ముక్కలు కొట్టే పెద్దది అక్కడ పనిచేసే ఆమెది. అందుకే వీధి వీధంతా ఆమెని పెద్దకత్తి అంటుంది. ఎదురుగా అనడానికి జంకేవాళ్లు తక్కువే, ఎందుకంటే ఆ పేరు ఆమెకూ ఇష్టం.

మొద్దు ముందు నిలబడి ఆమె చెయ్యి ఎత్తిందంటే, కొనేవాళ్లు ముక్కలు పెద్దవా చిన్నవా అని తేల్చుకునేలోపే సగం పని అయిపోతుంది. తొడ విరిచేటప్పుడు కీలు కోసం చూడదు. బొటనవేలు తడుముతుంది, కత్తి దిగుతుంది, అంతే. వేడినీళ్లలో ముంచడం, ఈకలు పీకడం, చన్నీళ్లలో కడగడం, సాయంత్రం మొద్దునీ గచ్చునీ బ్లీచింగ్ నీళ్లతో రుద్దడం. వీటన్నిటి మధ్యా ఆమె వేళ్లు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారాయి. ఉప్పు తగిలితే కళ్లు మూసుకుని పళ్లు బిగిస్తుంది. ఎవరైనా చూస్తే మాత్రం, "చర్మం కాదు నాది, చెప్పు అట్ట," అని నవ్వేస్తుంది.

క్రీములావిడ మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు కోడిని చూడలేదు, ఆ వేళ్లనే చూసింది. వీధి మలుపులో గది తీసుకుని సబ్బులూ క్రీములూ తనే కాచుకుని, తనే డబ్బాల్లో నింపి అమ్ముకునే మనిషి. సన్నగా ఉంటుంది. మాట అంతకన్నా సన్నం.

"అక్కా, ఆ చెయ్యి ఒకసారి ఇటివ్వండి."

"ఎందుకు, జాతకం చెబుతావా?"

"కడుక్కుని ఇవ్వండి."

పెద్దకత్తి తొట్టిలో చేతులు ముంచి, ఏప్రాన్‌కి తుడుచుకుని చాచింది. క్రీములావిడ సంచిలోంచి చిన్న డబ్బా తీసి, వేలి కొసతో రవ్వంత మైనం లాంటిది తీసి, ముందు తన అరచేతిలో వెచ్చబరిచింది. తర్వాత ఒక్కొక్క బీట వెంబడీ, కుట్టు వేస్తున్నట్టు, మెల్లిగా అద్దింది. నిమ్మగడ్డి వాసన వచ్చింది. వరసలో నిలబడ్డవాళ్లు తొంగి చూశారు.

"బాగానే ఉంది గానీ, రేపు కోడి చేతిలోంచి జారి పారిపోతే?" అంది పెద్దకత్తి.

"తలకాయ లేని కోడి ఎక్కడికి పోతుందక్కా?"

అందరూ నవ్వారు. పెద్దకత్తి అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ సాయంత్రం పని ముగించాక మళ్లీ రాసుకుంది, మర్నాడూ రాసుకుంది. వారం తిరిగేసరికి వేళ్లు ముడిస్తే నెత్తురు చిమ్మడం ఆగింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. డబ్బా మాత్రం గల్లాపెట్టె వెనక, యజమాని చెయ్యి పడని చోట దాచుకుంది.

ఇంట్లో కూతురి బాధ వేరు. పదో తరగతి పిల్ల. బుగ్గల నిండా, గడ్డం మీద మొటిమలు. పెద్దకత్తి తమ్ముడికి బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. అన్నం వేళకి అక్క ఇంటికే వస్తాడు. వచ్చినప్పుడల్లా మేనకోడలి ముఖం చూసి, "ఏమే, గులకరాళ్ల బాటా, రోడ్డు ఎప్పుడు వేస్తారంట?" అంటాడు. పిల్ల కంచం ముందు నుంచి లేచిపోతుంది. లేచిపోయినందుకు పెద్దకత్తి వీపు మీద ఒకటి చరుస్తుంది. ఆమెది ఎప్పుడూ చెయ్యి ముందు, మాట తర్వాత. గ్లాసు పగిలితే దెబ్బ, అద్దం ముందు ఎక్కువసేపు నిలబడితే దెబ్బ, ఎందుకు కొట్టావని అడిగితే ఇంకో దెబ్బ. ఎవరైనా వద్దంటే, "తల్లికోడి తొక్కితే పిల్ల చస్తుందా?" అంటుంది. లారీ తోలే భర్త పది రోజులకో పక్షానికో ఇంటికొచ్చి, చూసీ చూడనట్టు నిద్రపోతాడు.

అయినా కూతుర్ని క్రీములావిడ దగ్గరికి తీసుకెళ్లింది ఆమే.

గది చిన్నది. ఒక వైపు పొయ్యి, దాని మీద నీళ్ల గిన్నె, ఆ గిన్నెలో ఇంకో గిన్నె. గోడ పొడవునా చెక్క అరల మీద మూతలు పెట్టిన డబ్బాలు. మరిగించిన సీసాలు తెల్లటి గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. క్రీములావిడ పిల్ల గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పింది. ముట్టుకుంటుంటే పిల్ల ముడుచుకుంది, తర్వాత వదులైంది.

"ముందు చెవి వెనకాల కొంచెం రాస్తాను. రెండు రోజులు చూడు. మంటా దురదా లేకపోతే అప్పుడు ముఖానికి. రుద్దకూడదు. గిల్లకూడదు."

"ఎన్నాళ్లకి పోతాయండీ?"

"పోతాయని నేను చెప్పనమ్మా. ముఖం ఎండినట్టు, లాగినట్టు ఉండదు. అంతే. మిగతాది వయసు చూసుకుంటుంది."

"ఇలా మాట్లాడితే నీ సరుకు ఎవరు కొంటారు తల్లీ?" అని పెద్దకత్తి నవ్వింది. పిల్ల నవ్వలేదు. డబ్బాని రెండు చేతుల్లో పట్టుకుని, మూత తీసి వాసన చూస్తూ ఇంటిదాకా నడిచింది.

*

మర్నాడు దుకాణంలో రద్దీగా ఉంది. పెద్దకత్తి మొద్దు మీద నుంచి తల ఎత్తలేదు. పక్కన టీ కొట్టు బాబాయ్ గస పెడుతూ వచ్చాడు.

"నీ కూతురు ఇంటి ముందు కూర్చుని ఏడుస్తోంది. ముఖం... నువ్వు రావే, ముందు రా."

కత్తి మొద్దులో దిగేసి పరిగెత్తింది. పిల్ల గుమ్మంలో తడి తువ్వాలు ముఖానికి అదుముకుని ఉంది. పెద్దకత్తి తువ్వాలు లాగింది. ఎడమ చెంప, గడ్డం, పై పెదవి దాకా ఎర్రగా ఉడికిపోయి, అక్కడక్కడ చర్మం తెల్లగా లేచి ఉంది. ఈక పీకిన కోడి చర్మం ఆమె కళ్ల ముందు కదిలింది. అది చూడగానే ఆమెకి పిచ్చెక్కింది.

"ఏం రాశావ్? ఏం రాశావే?" వీపు మీద ఒకటి పడింది. భుజం మీద ఇంకొకటి. "చెప్పు!"

"క్రీము," అంది పిల్ల.

అప్పటికే తమ్ముడు చేతులకి గ్రీజుతో వచ్చేశాడు. ముగ్గురూ కలిసి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి పరిగెత్తారు. డాక్టరు నీళ్లతో కడిగి, మందు పూసి, దూది వేసి కట్టు కట్టాడు.

"మామూలు ముఖం క్రీముతో ఇంత కాలడమా? ఇంకేమైనా తగిలిందా పాపా?" అని అడిగాడు. పిల్ల అడ్డంగా తల ఊపింది. "క్రీమేనా?" మళ్లీ అడిగాడు. నిలువుగా ఊపింది. వాళ్లమ్మ చెయ్యి వాళ్లమ్మ మోకాలి మీద పిడికిలిగా ఉంది. పిల్ల చూపు ఆ పిడికిలి మీదే ఉంది.

పిల్లని పక్కింటి పెద్దామెకి అప్పజెప్పి, "రారా," అంది తమ్ముడితో. ఇద్దరూ వీధి మలుపుకి నడిచారు. పెద్దకత్తి చేతిలో పిల్ల డబ్బా ఉంది. ఎక్కడికి, ఏమైంది అని అడిగినవాళ్లకి తమ్ముడు నడుస్తూనే చెప్పాడు. అడిగినవాళ్లు వెనక నడిచారు.

*

క్రీములావిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. మైనం కరిగి నూనెలో కలుస్తోంది. కుడి చేత్తో కలుపుతూ, గుమ్మంలో నీడ పడితే తల తిప్పింది.

"రండక్కా."

పెద్దకత్తి జుట్టు పట్టుకుంది.

"నా కూతురి ముఖం కాల్చేశావు కదే. రాసుకో, ఇది నువ్వే రాసుకో!"

డబ్బాలో ఉన్నదంతా చేత్తో తోడి ఆమె ముఖానికి పులిమింది. కళ్లల్లో, ముక్కులో, నోట్లో కుక్కింది. క్రీములావిడ ఊపిరి కోసం దగ్గింది. కళ్లు తెరవలేక చేతులు గాల్లోకి చాచింది.

"ఒక్క నిమిషం... పిల్లని చూడనివ్వండి... ఎలా కాలిందో చూడనివ్వండి..."

"చూసి ఇంకేం కాలుస్తావ్?"

చెంప మీద కొట్టింది. రెండోది కొట్టింది. మూడో దెబ్బకి ఆమె పొయ్యి మీదికి తూలింది. పడకుండా ఆపుకోవడానికి చెయ్యి వేసింది. వేసింది గిన్నెలో. గిన్నె ఒరిగి, మైనం కరిగిన నూనె మోచేతి దాకా పారింది.

ఆ కేక పెద్దకత్తి అంతవరకూ మనిషి గొంతులో వినలేదు. రోజూ వినే కేకలు చిన్నవి. కత్తి పడగానే ఆగిపోతాయి. ఇది ఆగలేదు. ఆమె చేతిలో జుట్టు వదిలేసింది.

కానీ అప్పటికి గదిలో ఆమె ఒక్కతే లేదు. తమ్ముడు అర పట్టుకుని గుంజాడు. డబ్బాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. వెనక వచ్చినవాళ్లు దొరికినవి దొరికినట్టు వీధిలోకి విసిరారు. మరిగించి బోర్లించిన సీసాలు గోడకి తగిలి పగిలాయి. ఒకావిడ, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, సబ్బుల బుట్టని కాలితో తొక్కుతోంది. తమ్ముడు కింద ముడుచుకుపోయిన మనిషి పక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు.

"చాల్రా," అంది పెద్దకత్తి.

ఎవరికీ వినపడలేదు. తనకే సరిగా వినపడలేదు. కింద ఆ చెయ్యి కనిపిస్తోంది. మైనం దాని మీద తెల్లగా గడ్డకడుతోంది, గడ్డకట్టిన చోట చర్మం కూడా దాంతో పాటే ముడుచుకుంటోంది.

"చాల్రా అంటుంటే!"

తమ్ముణ్ణి నడుము దగ్గర పట్టి బయటికి ఈడ్చింది. వాడు నవ్వుతున్నాడు, కోపంలో నవ్వే నవ్వు. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. కాళ్ల కింద క్రీములు జారుతున్నాయి. నిమ్మగడ్డి వాసన వీధంతా పట్టింది.

*

మర్నాడు దుకాణం ముందు కొనేవాళ్ల కన్నా మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు.

"అలా చేస్తేనే బుద్ధొస్తుంది."

"వీధికి నీలాంటిది ఒక్కతుంటే చాలు."

"ఏదో కలుపుతుందని నాకు ముందే అనుమానం. నిప్పు లేందే పొగొస్తుందా?" ఈ మాటన్నది సబ్బులు తొక్కినావిడే. నెలనెలా ఆ సబ్బులే కొని వాడుతున్న సంగతి పెద్దకత్తికి తెలుసు.

యజమాని ఆమెకి టీ తెప్పించాడు. ఎన్నడూ లేని మర్యాద. టీ కొట్టు బాబాయ్ గ్లాసు అందిస్తూ, "ఆ చెయ్యి ఇక గరిటె పట్టదటలే," అన్నాడు. "ఆస్పత్రిలో కట్టు కట్టి పంపారు. గదిలోనే పడుంది, ఎవరూ తొంగి చూళ్లేదు."

పెద్దకత్తి టీ తాగలేదు. కోడిని మొద్దు మీద పెట్టింది. కత్తి దిగేటప్పుడు బొటనవేలు అడ్డం వచ్చింది. గోరు సగం లేచి నెత్తురు కారింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగనిది. గుడ్డ చుట్టుకుని మిగతా పని చేసింది గానీ, ముక్కలు సమంగా రాలేదు. "ఏమిటమ్మా, ఈ రోజు ఇలా కొట్టావు?" అని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం నిన్నటితో పోయింది.

సాయంత్రం ఇంట్లో కూతురి కట్టు మార్చింది. దూది అంటుకున్న చోట నీళ్లు చుక్క చుక్క వేసి తడిపింది. అంత మెల్లిగా ఆ పిల్లని ముట్టుకుని ఎన్నాళ్లయిందో. ఆ మెతకదనం తనకే కొత్తగా ఉండి, ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టింది.

"ఇక ఎవర్నీ ఇలా చెయ్యదులే ఆవిడ. చేతి చర్మం మోచేతి దాకా ఊడిపోయింది. మీ మావయ్య పక్కటెముకల్లో తన్నాడు కూడా."

పిల్ల తల వెనక్కి లాక్కుంది.

"నొప్పా? తడిపాను కదే."

"అమ్మా. క్రీము కాదు."

"ఏంటి కాదు?"

"క్రీము చెవి వెనకే రాశాను. ముఖానికి ఇంకా రాయలేదు. ఆవిడ రెండు రోజులు ఆగమంది కదా." పిల్ల మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "మావయ్య మళ్లీ గులకరాళ్లన్నాడు. నువ్వు నవ్వావు. 'మొద్దు మీద నెత్తురు మరకలే పోతాయి, దీని ముఖం మరకలు పోవా, ఆ బ్లీచింగ్ నీళ్లు పెట్టి రుద్దితే సరి' అన్నావు. దుకాణంలోంచి తెచ్చిన సీసా వంటింట్లో ఉంది కదా... దూదితో అద్దాను. మంట పుట్టింది. మంట పుడితే పనిచేస్తోందనుకుని, ఇంకా కొంచెంసేపు ఆగాను."

పెద్దకత్తికి ఆ మాట తనన్నట్టు గుర్తు లేదు. అనుంటుంది. అలాంటివి రోజుకెన్నో అంటుంది.

"మరి క్రీమని ఎందుకు చెప్పావ్?"

"కొడతావని."

"క్రీమన్నా కొట్టాను కదే!"

"కొంచెమే కొడతావనుకున్నా," అంది పిల్ల. "ఆవిడని తిడతావనుకున్నా. తిట్టి వచ్చేస్తావనుకున్నా."

చెయ్యి లేచింది. ఆమె లేపలేదు, అదే లేచింది, ఎప్పటిలాగే. లేచిన క్షణంలోనే పిల్ల రెండు మోచేతులూ పైకి వచ్చాయి. తల ఎడమకి వాలింది. మోకాళ్లు దగ్గరికి వచ్చాయి. భయపడ్డ మనిషి చేసినట్టు తడబడుతూ కాదు. చొక్కా బొత్తాం పెట్టుకున్నంత అలవాటుగా. కట్టున్న చెంప లోపలికి, లేని చెంప బయటికి. దెబ్బ తినాల్సిన చెంపని పిల్ల అప్పుడే ఎంచి పెట్టుకుంది.

పెద్దకత్తి ఆ చేతిని దించి, తన తొడ కిందికి తోసి, దాని మీద కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. పిల్ల మోచేతులు దించడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టింది.

*

పొద్దున్నే తమ్ముడికి చెప్పింది. వాడు టిఫినుకి వచ్చి, చెప్పులు విప్పుతూ విన్నాడు. విని, విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కున్నాడు.

"ఈ మాట ఇంకెవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు. అంటాను."

"పిచ్చిదానివా అక్కా? ఆవిడ ఒంటరిది. ముందూ వెనకా ఎవరూ లేరు. నాలుగు రోజులుండి సామాను సర్దుకుని పోతుంది. నువ్వెళ్లి పొరపాటైందని చెబితే, జైలుకి ఎవరు పోతారు? నువ్వా? నేనా?"

"నువ్వు తన్నావు కదా."

"నువ్వు పిలిస్తే వచ్చాను!"

అని ఆమె రొమ్ము మీద తోశాడు. తల గోడకి కొట్టుకుంది. చెంప మీద కొట్టాడు. చిన్నప్పటి నుంచి ఆమె చేతి దెబ్బలు తిని పెరిగినవాడు. మొదటిసారి తిరిగి కొట్టానన్న సంగతి వాడికీ ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఆమె మీదికి కాదు, పిల్ల మీదికి తిరిగాడు. గడ్డం పట్టుకున్నాడు, కట్టు మీదే.

"ఎవరడిగినా క్రీమనే చెప్పాలి. తెలిసిందా? చెప్పు. క్రీమనే అను."

పిల్ల నోరు తెరిచింది. నొప్పికి మాట రాలేదు.

పెద్దకత్తి వాడి మణికట్టు పట్టుకుంది. ఇంకో చెయ్యి మోచేతి కిందకి పోనిచ్చి, బొటనవేలితో కీలు తడిమి, అది తిరగని వైపుకి తిప్పింది. వాడు మోకాళ్ల మీద కూలాడు. గోరు లేచిన ఆమె బొటనవేలు మళ్లీ నెత్తురోడి వాడి చొక్కా తడిసింది.

"అక్కా, విరుగుద్ది... అక్కా..."

ఇంకొంచెం తిప్పితే విరుగుతుందని ఆమెకి తెలుసు. ఎంత కొంచెమో కూడా తెలుసు. వాడి కళ్లల్లో నీళ్లు చూసింది. అలాగే తిప్పి పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, బయటికి తోసి, తలుపు గడియ వేసింది.

"అన్నం పెట్టిన చేత్తోనే తోసేశావు కదూ!" వాడు బయట నుంచి అరిచాడు. తలుపుని తన్నాడు. తర్వాత వాడి బండి చప్పుడు దూరమైంది.

పిల్ల నేల మీద పడ్డ దూదిని ఏరుతోంది. పెద్దకత్తి చన్నీళ్లతో ముఖం కడుక్కుని, "తలుపు ఎవరికీ తియ్యకు," అని చెప్పి, వెనక వాకిలి గుండా వెళ్లింది.

*

క్రీములావిడ గది తలుపు సగం తెరిచే ఉంది. గొళ్లెం ఊడిపోయి మూతపడడం లేదు. గచ్చు మీద మైనం తెట్టెలు కట్టింది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని, ఎడమ చేత్తో పగలని సీసాలు ఏరి పక్కన పెడుతోంది. కుడి చెయ్యి వేళ్ల కొసల నుంచి మోచేయి దాటి కట్టులో ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గుమ్మంలో ఉన్నది ఎవరో చూసి, చేతిలో సీసాని వదల్లేదు. గట్టిగా పట్టుకుంది.

"కొట్టడానికి రాలేదు," అంది పెద్దకత్తి.

ఆవిడ గోడకి ఇంకా దగ్గరగా జరిగింది.

"మీ క్రీము కాదట. మా పిల్ల... మా దుకాణంలో బ్లీచింగ్ నీళ్లు రాసుకుంది. నాకు నిన్న సాయంత్రం చెప్పింది." ఇంతకు ముందు ఆమె ఎప్పుడూ 'నువ్వు' అనే అనేది. 'మీ' అన్న మాట నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు.

క్రీములావిడ సీసా కింద పెట్టింది.

"ఎంతసేపు ఉంచుకుంది?"

"ఆఁ?"

"ఆ నీళ్లు. ముఖం మీద ఎంతసేపు ఉంచుకుంది? కంట్లోకి పోయిందా?"

"కంట్లోకి పోలేదనుకుంటా."

"అనుకుంటే కాదు. డాక్టరుకి ఈ సంగతి చెప్పారా?"

"ఇంకా లేదు."

"మరి నా దగ్గరికెందుకు వచ్చారు? ముందు అక్కడికి పొండి. క్రీమనుకుని ఏ మందు రాస్తున్నాడో ఏమో. పొండి!" ఆ సన్నటి గొంతు మొదటిసారి పెరిగింది. పెరగగానే పక్కటెముకలు పట్టేసి, ఆవిడ వంగిపోయింది.

పెద్దకత్తి ఆమె వైపు ఒక అడుగు వేసింది. ఆవిడ కట్టున్న చేతిని గోడ వైపుకి దాచుకుంది. అడుగు అక్కడే ఆగింది.

"నన్ను క్షమించమని..."

"అది నా దగ్గర లేదండీ," అంది క్రీములావిడ. అక్కా అనలేదు. "నిన్నంతా ఇక్కడ పడి ఉన్నాను. గుక్కెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. స్టేషనుకి పోదామంటే, ఎవరు కొట్టారంటే ఏం చెప్పాలి? వీధి కొట్టిందని చెప్పాలా? ఎవరొచ్చి అవునంటారు?"

"నేనంటాను."

ఆవిడ ఒక కంటితోనే ఆమెని చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

"ముందు పిల్లని డాక్టరుకి చూపించుకుని రండి."

పెద్దకత్తి పిల్లని క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరు అంతా విని, పాత మందు తుడిచేసి, మళ్లీ చాలాసేపు నీళ్లతో కడిగి, కంట్లో దీపం వేసి చూశాడు. కన్ను బాగానే ఉంది. "మచ్చ కొంత ఉండిపోవచ్చు," అన్నాడు. పిల్ల ఆ మాట విని ఏడవలేదు. "ఆవిడ చెయ్యి మామూలుగా అవుతుందా?" అని అడిగింది. ఎవరి చెయ్యి అన్నాడు డాక్టరు. పెద్దకత్తి పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

పిల్లని పక్కింటి పెద్దామె దగ్గర దింపి, పెద్దకత్తి తిరిగి వెళ్లేసరికి క్రీములావిడ గది ముందు నిలబడి ఉంది. భుజానికి సంచి. ఆస్పత్రి చీటీలు సంచి అంచున కనిపిస్తున్నాయి. పెద్దకత్తి సంచి అందుకోబోయింది. ఆవిడ దాన్ని రెండో భుజానికి మార్చుకుని ముందు నడిచింది. పక్క పట్టేస్తున్నట్టుంది, అడుగు అడుగుకీ ఆగుతోంది. ఆగినప్పుడల్లా పెద్దకత్తి వెనకే ఆగింది.

కోళ్ల దుకాణం ముందు నుంచే దారి. యజమాని మొద్దు ముందు తడబడుతూ ఎవరికో ముక్కలు కొడుతున్నాడు. వరసలో వాళ్లు అటు తిరిగారు. టీ కొట్టు బాబాయ్ గ్లాసులు కడుగుతూ గట్టిగా నవ్వాడు.

"ఏమే పెద్దకత్తీ, మళ్లీ పట్టుకుపోతున్నావా?"

"నేను కాదు బాబాయ్," అంది పెద్దకత్తి. "ఆవిడే నన్ను తీసుకుపోతోంది."

నవ్వు ఆగిపోయింది. "స్టేషనుకా?" అన్నారెవరో. సబ్బులు తొక్కినావిడ తన సంచి తీసుకుని, కోడి మాట మరిచి, సందులోకి తిరిగిపోయింది. క్రీములావిడ వెనక్కి తిరిగి చూడలేదు.

స్టేషనులో కానిస్టేబుల్ ఆ కట్టూ, వాచిన కన్నూ చూసి గబగబా కుర్చీ లాగాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి." వెనక నిలబడ్డ మనిషిని కూడా చూశాడు. దిట్టమైన మనిషి, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, తోడు వచ్చిన బంధువులా ఉంది.

"ఈవిడ మీకేమవుతారు?"

"ఏమీ కారు," అంది క్రీములావిడ. "నన్ను కొట్టింది."

కానిస్టేబుల్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. తను సరిగా విన్నానో లేదో తేల్చుకోలేక, కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అవునండీ," అంది పెద్దకత్తి. "ఇంకొందరున్నారు. అందరి పేర్లూ చెబుతాను. మొదట మా తమ్ముడిది రాసుకోండి."

అతను కలం కాగితం మీద పెట్టాడు.

"కాదు, ఆగండి," అందామె. "మొదటిది నాది."